అంబులెన్స్ రాకముందే సిగ్నల్ సిద్ధం కావాలంటే

అంబులెన్స్ జంక్షన్‌కు వచ్చి నిలబడ్డాక పచ్చలైటు వెలిగితే పెద్ద లాభం ఉండదు. అప్పటికే దాని ముందు పది పన్నెండు బండ్లు బారు తీరి ఉంటాయి. మొదటి బండి కదలడానికి రెండు సెకన్లు, దాని వెనక బండికి ఇంకో రెండు సెకన్లు, ఇలా ఆ కదలిక బారు చివరిదాకా పాకేలోపు సైరన్ మోగుతూనే ఉంటుంది, అంబులెన్స్ ఆగే ఉంటుంది. బండ్లు, సిగ్నళ్లు రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వాహన సంభాషణ వ్యవస్థను, అంటే వీటూఎక్స్‌ను, అంబులెన్సుల కోసం అమర్చేవాళ్లు మొదట మనసులో పెట్టుకోవలసింది ఇదే. మనకు కావలసింది ఖాళీ అయిన రోడ్డు. పచ్చలైటును అంబులెన్స్ కంటే ఎంత ముందుగా వెలిగిస్తే రోడ్డు ఖాళీ అవుతుందో లెక్క కట్టడమే ఇందులో అసలు పని. పరికరాలు కొనడం, బిగించడం, సెట్టింగులు పెట్టడం అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

ఏమేం కావాలి

అంబులెన్స్‌లో పెట్టే పరికరాన్ని ఓబీయూ అంటారు. దానికి 5.9 గిగాహెర్ట్జ్ రేడియో, జీపీఎస్ వంటి ఉపగ్రహ రిసీవర్, మొబైల్ నెట్‌వర్క్ మోడెమ్, డ్రైవర్‌కు కనిపించే ఒక చిన్న తెర ఉండాలి. జంక్షన్ దగ్గర స్తంభానికి బిగించేది ఆర్‌ఎస్‌యూ. అది సిగ్నల్ క్యాబినెట్‌లో ఉండి లైట్లను మార్చే కంట్రోలర్‌కు కేబుల్‌తో కలుస్తుంది. వీటి వెనక ఒక సర్వర్ ఉండాలి. దూరం నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా వచ్చే అభ్యర్థనలను జంక్షన్లకు చేర్చడం, పరికరాలకు తామెవరో రుజువు చేసుకునే డిజిటల్ సర్టిఫికెట్లు అందించడం దాని పని.

కొనేముందు రేడియో సంగతి తేల్చుకోండి. ఈ రంగంలో రెండు భాషలున్నాయి. ఒకటి వైఫై కుటుంబానికి చెందిన 802.11పీ, రెండోది మొబైల్ కుటుంబం నుంచి 2017లో మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి రిలీజ్ 14తో వచ్చిన సీ-వీటూఎక్స్. రెండూ 5.9 గిగాహెర్ట్జ్‌లోనే మాట్లాడతాయి గానీ ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. అమెరికా 2020లో ఈ బ్యాండ్‌లో పైనున్న 30 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే రవాణాకు ఉంచి సీ-వీటూఎక్స్ వైపు మళ్లింది. యూరప్‌లో 802.11పీ మీద కట్టిన ఐటీఎస్-జీ5 కార్లు రోడ్ల మీద తిరుగుతున్నాయి. జపాన్ అయితే 760 మెగాహెర్ట్జ్‌ను వాడుతోంది. కాబట్టి మీ దేశపు స్పెక్ట్రమ్ నియమం ఏం చెబుతోందో చూసి, ఊరంతటికీ ఒకే రకం తీసుకోవాలి. సగం జంక్షన్లలో ఒకటి, మిగతా సగంలో మరొకటి పెడితే తర్వాత దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే దారి లేదు.

పరికరాల మధ్య నడిచే సందేశాలు ప్రధానంగా నాలుగు. ఎస్ఏఈ జే2735 ప్రమాణంలో వాటి పేర్లు మ్యాప్, స్పాట్, ఎస్ఆర్ఎం, ఎస్ఎస్ఎం. జంక్షన్ ఆకారాన్ని, లేన్లను చెప్పే మ్యాప్‌ను ఆర్‌ఎస్‌యూ సెకనుకు ఒకసారి పంపుతుంది. ఏ లైటు ఇప్పుడు ఏ రంగులో ఉంది, ఎప్పుడు మారబోతోంది అని చెప్పే స్పాట్‌ను సెకనుకు పదిసార్లు పంపుతుంది. అంబులెన్స్ 'ఈ జంక్షన్‌కు, ఈ లేన్ నుంచి, ఇన్ని సెకన్లలో వస్తున్నాను' అని అడిగేది ఎస్ఆర్ఎం. దానికి జంక్షన్ ఇచ్చే జవాబు ఎస్ఎస్ఎం. యూరప్ ప్రమాణాల్లో ఇవే మ్యాపెమ్, స్పాటెమ్, స్రెమ్, స్సెమ్ అనే పేర్లతో ఉంటాయి. పని మాత్రం అదే.

ఎంత ముందు అడగాలి

ఒక జంక్షన్‌ను తీసుకుని కాగితం మీద లెక్క వేద్దాం. అంబులెన్స్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 13.9 మీటర్ల చొప్పున వస్తోంది. అడ్డరోడ్డుకు అప్పుడే పచ్చలైటు ఉంది. ఆ పచ్చలైటుతో పాటే అంబులెన్స్ రోడ్డును పాదచారి అప్పుడే దాటడం మొదలుపెట్టాడు.

ఆ రోడ్డు వెడల్పు 14 మీటర్లు. నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు అనుకుంటే పాదచారి దాటడానికి 12 సెకన్లు ఇవ్వాలి. తర్వాత అడ్డరోడ్డుకు పసుపు 4 సెకన్లు, అన్ని వైపులా ఎరుపు 2 సెకన్లు. ఇక్కడికి 18 సెకన్లు అయ్యాయి. ఇప్పుడు అంబులెన్స్ వైపు పచ్చలైటు వెలిగింది. దాని లేన్‌లో 12 కార్లు ఆగి ఉన్నాయి. మొదటి కదలికకు 2 సెకన్లు, బండికి 2 సెకన్ల చొప్పున 24 సెకన్లు, మొత్తం 26. దీనికి 5 సెకన్ల వెసులుబాటు కలపండి. 18, 26, 5 కలిపితే 49 సెకన్లు. సెకనుకు 13.9 మీటర్ల లెక్కన అది సుమారు 680 మీటర్ల దూరం.

అదే అభ్యర్థన 300 మీటర్ల దగ్గర వెళ్లిందనుకోండి. చేతిలో ఉన్నది 21 సెకన్ల పైచిలుకు. అందులో 18 పాదచారికి, పసుపుకు, ఎరుపుకు పోతాయి. పచ్చలైటు వెలిగిన మూడు నాలుగు సెకన్లకే అంబులెన్స్ జంక్షన్‌కు రావాలి. అప్పటికి బారులో ఒక్క బండో రెండో కదిలి ఉంటాయి. అంటే వ్యవస్థ 'పని చేసింది', లాగ్‌లో పచ్చలైటు ఇచ్చినట్టే రాసుకుంది, అంబులెన్స్ మాత్రం ఆగింది. చాలాచోట్ల ఈ వ్యవస్థ మీద నమ్మకం పోవడానికి కారణం ఇదే. పాత ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ పద్ధతిలాగా ఒక స్థిరమైన దూరం పెట్టుకుని వదిలేస్తే ఈ పొరపాటు తప్పదు. దూరాన్ని కాకుండా సమయాన్ని సెట్ చేయండి. అది ప్రతి జంక్షన్‌కు, ప్రతి దిక్కుకు, రద్దీ వేళకు, రాత్రి వేళకు వేర్వేరుగా ఉండాలి. రాత్రి రెండింటికి బారూ లేదు, దాటే మనిషీ లేడు. అప్పుడు 49 సెకన్ల ముందు అడిగితే అడ్డరోడ్డును ఊరికే ఆపినట్టవుతుంది. ఆ వేళకు 15 సెకన్లు చాలు.

680 మీటర్ల నుంచి నేరుగా రేడియోలో అడగడం కుదురుతుందా? ఎదురుగా అడ్డం లేని తిన్నని రోడ్డయితే కుదరవచ్చు. భవనాలు, మలుపులు, బస్సులు ఉన్న రోడ్డు మీద 5.9 గిగాహెర్ట్జ్ తరంగం 200, 300 మీటర్లకే బలహీనపడుతుంది. మలుపు అవతల ఉన్న ఆర్‌ఎస్‌యూకు ఇంకా తక్కువ. అందుకే రెండు దారులూ వాడాలి. ముందస్తు అభ్యర్థన మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు, అక్కడి నుంచి జంక్షన్‌కు వెళ్లాలి. ఆ దారిలో ఒక సెకను ఆలస్యమైనా 49 సెకన్ల లెక్కలో అది లెక్కలోకి రాదు. దగ్గరికొచ్చాక నేరు రేడియో బాధ్యత తీసుకుంటుంది. లేన్ ఏది, రాక సమయం ఎంత, స్టాప్ లైన్ దాటిందా అన్న సంగతులు అప్పుడు పదోవంతు సెకను లెక్కలో కావాలి. రెండు దారుల్లో వచ్చిన అభ్యర్థనలకూ ఒకే వాహన గుర్తింపు, ఒకే అభ్యర్థన సంఖ్య ఉండేలా చూడండి. లేకపోతే కంట్రోలర్ ఒకే అంబులెన్స్‌ను రెండనుకుంటుంది. ఒకటి వెళ్లిపోయాక కూడా రెండోదాని కోసం ఎదురుచూస్తూ పచ్చలైటు పట్టుకుని కూర్చుంటుంది.

దూరపు జంక్షన్ ముందు ఖాళీ కావాలి

ఒకే రోడ్డు మీద 250 మీటర్ల ఎడంలో మూడు జంక్షన్లున్నాయనుకోండి. మొదటి జంక్షన్‌కు పచ్చలైటు ఇచ్చి దాని బారును వదిలితే, ఆ బండ్లన్నీ రెండో జంక్షన్‌లోని ఎర్రలైటు వెనక్కి వెళ్లి చేరతాయి. అంబులెన్స్ అక్కడ ఇరుక్కుంటుంది. కాబట్టి రెండో జంక్షన్ బారు కదలడం మొదలైన తర్వాతే మొదటిదాన్ని వదలాలి, మూడోదాన్ని రెండోదాని కంటే ముందు. అంటే అభ్యర్థనలు అంబులెన్స్‌కు దూరంగా ఉన్న జంక్షన్‌తో మొదలై దగ్గరికి రావాలి. ఒక్కో జంక్షన్‌ను విడివిడిగా చూసే ఆర్‌ఎస్‌యూకు ఇది తెలియదు. దారి మొత్తం తెలిసిన సర్వర్ చేయాల్సిన పని ఇది.

దీనికి అంబులెన్స్ ఎటు వెళ్తోందో తెలియాలి. నావిగేషన్‌లో గమ్యం పెట్టి ఉంటే ఆ దారిని ఓబీయూ తీసుకోవాలి. ఎస్ఆర్ఎంలో లోపలికి వచ్చే లేన్‌తో పాటు బయటికి వెళ్లే లేన్‌ను కూడా రాసే చోటు ఉంది, దాన్ని ఖాళీగా వదలకండి. గమ్యం తెలియకపోతే ఊహించి ఒక్క మలుపుకే పచ్చలైటు ఇవ్వడం ప్రమాదం. ఆ దిక్కు నుంచి వచ్చే అన్ని కదలికలకూ, నేరుగా వెళ్లేవాటికి, రెండు వైపులా తిరిగేవాటికి, ఒకేసారి పచ్చలైటు ఇచ్చి మిగతా దిక్కులన్నీ ఆపండి. కొంచెం సమయం వృథా అయినా డ్రైవర్ ఎటు తిరిగినా ఎదురు బండి రాదు.

అంబులెన్స్‌లో బిగింపు

యాంటెన్నా చోటు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అంబులెన్స్ పైకప్పు మీద ముందు భాగంలో పొడవాటి లైట్‌బార్ ఉంటుంది. యాంటెన్నాను దాని వెనక, దానికంటే కిందికి బిగిస్తే ముందువైపు సిగ్నల్ దాని నీడలో పడుతుంది. జంక్షన్ ఉండేది ముందువైపే. లైట్‌బార్ పైఅంచు కంటే ఎత్తుగా బిగించండి, లేదా ముందొకటి వెనకొకటి రెండు యాంటెన్నాలు పెట్టండి. రోగి క్యాబిన్ పైకప్పు ఫైబర్‌గ్లాస్ అయితే యాంటెన్నాకు కింద లోహం ఉండదు, దాని పరిధి సగానికి సగం పడిపోవచ్చు. అలాంటప్పుడు యాంటెన్నా కింద కనీసం 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న లోహపు పలక పెట్టాలి.

కేబుల్ పొడవును వీలైనంత తగ్గించుకోవాలి. సన్నని కోయాక్స్ కేబుల్ 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 1 డెసిబెల్ తినేస్తుంది. 3 మీటర్ల కేబుల్ వేస్తే పంపే శక్తిలో సగం దారిలోనే పోయినట్టు. ఓబీయూను డ్యాష్‌బోర్డ్ కింద కాకుండా పైకప్పు లైనింగ్‌లో, యాంటెన్నాకు దగ్గరగా పెడితే ఈ నష్టం తగ్గుతుంది. తెరకు, కరెంటుకు వెళ్లే తీగలు పొడవుగా ఉన్నా ఫర్వాలేదు.

బిగించాక ఒక చిన్న పరీక్ష చేయండి. బండిని ఆరుబయట నిలిపి, లైట్‌బార్ ఆపి, ఉపగ్రహ రిసీవర్ చూపే సిగ్నల్ బలాన్ని రాసుకోండి. బాగా కనిపిస్తున్న ఉపగ్రహాలకు అది 40 నుంచి 45 డెసిబెల్-హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఇప్పుడు లైట్‌బార్ వేసి మళ్లీ చూడండి. 3 డెసిబెల్ కంటే ఎక్కువ పడిపోతే ఆ ఎల్ఈడీల పవర్ సర్క్యూట్ నుంచి వచ్చే రొద ఉపగ్రహ సిగ్నల్‌ను మింగేస్తోందని అర్థం. యాంటెన్నాను పక్కకు జరపండి, లైట్‌బార్ తీగలకు రొదను పీల్చే ఫెరైట్ కోర్ వేయండి. ఈ పరీక్ష వదిలేస్తే, మామూలుగా తిరుగుతున్నప్పుడు అన్నీ సరిగ్గా ఉండి, సరిగ్గా ఎమర్జెన్సీలోనే స్థానం తప్పుతుంది.

కరెంటును బ్యాటరీ నుంచి విడి ఫ్యూజ్ ద్వారా తీసుకోండి, ఇగ్నిషన్ ఆపినా ఓబీయూ నిద్రస్థితిలో ఉండేలా. ఉపగ్రహాల కక్ష్య సమాచారం లేకుండా మొదలయ్యే రిసీవర్‌కు తన చోటు తెలియడానికి అరనిమిషం పడుతుంది. నేలమాళిగ పార్కింగ్ నుంచి బయటికి వచ్చే బండికి ఇంకా ఎక్కువ. ఆ అరనిమిషంలో మొదటి జంక్షన్ దాటిపోతుంది. బ్యాటరీ దిగిపోకుండా 12 వోల్టుల బండిలో 11.8 వోల్టుల దగ్గర ఓబీయూ దానంతటదే ఆగేలా పెట్టండి.

అభ్యర్థన ఎప్పుడు మొదలవ్వాలి అన్నది డ్రైవర్ బటన్ మీద వదలకండి. ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. లైట్‌బార్, సైరన్ స్విచ్‌ల నుంచి ఆప్టో-ఐసొలేటర్ (తీగలను కలపకుండా కాంతితో సంకేతం దాటించే చిన్న భాగం) ద్వారా ఓబీయూకు సంకేతం ఇవ్వండి. దానితో పాటు హ్యాండ్‌బ్రేక్ సంకేతం కూడా తప్పనిసరి. ప్రమాద స్థలంలో జంక్షన్ పక్కనే ఆగిన అంబులెన్స్ లైట్లు వేసే ఉంచుతుంది. హ్యాండ్‌బ్రేక్ సంగతి ఓబీయూకు తెలియకపోతే అరగంటసేపు ఒకే వైపు పచ్చలైటు అడుగుతూనే ఉంటుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. దూరాన్ని వేగంతో భాగించి రాక సమయం కట్టే సాఫ్ట్‌వేర్, అంబులెన్స్ బారు వెనక ఆగగానే వేగం సున్నా కాబట్టి రాక సమయం అనంతం అనుకుని అభ్యర్థనను వెనక్కి తీసుకుంటుంది. పచ్చలైటు అత్యవసరమైన క్షణంలోనే అది పోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, సైరన్ మోగుతూ ఆగి ఉంటే వేగాన్ని కనీసం గంటకు 15 కిలోమీటర్లుగా తీసుకుని లెక్క కట్టేలా పెట్టాలి. రాక సమయం రెండు మూడు సెకన్లు మారినప్పుడల్లా అదే అభ్యర్థన సంఖ్యతో సవరణ పంపాలి.

జంక్షన్ వైపు

ఆర్‌ఎస్‌యూను 6 నుంచి 8 మీటర్ల ఎత్తులో, నాలుగు దిక్కులూ కనిపించే స్తంభానికి బిగించండి. ఆకులు రాలిన కాలంలో చోటు చూసి బిగిస్తే చిగుళ్లు వేశాక చెట్టు అడ్డం వస్తుంది. చాలా ఆర్‌ఎస్‌యూలకు కరెంటు, డేటా రెండూ ఒకే ఈథర్‌నెట్ కేబుల్‌లో వెళ్తాయి. ఆ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్, సరైన ఎర్తింగ్ ఉండాలి. లేకపోతే మొదటి పిడుగుకు ఆర్‌ఎస్‌యూతో పాటు కంట్రోలర్ కూడా పోవచ్చు.

ఆర్‌ఎస్‌యూ ఎప్పుడూ లైట్లను నేరుగా ముట్టుకోకూడదు. అది కంట్రోలర్‌ను అడగాలి, కంట్రోలరే లైట్లు మార్చాలి. ఒకదానికొకటి అడ్డొచ్చే కదలికలకు ఒకేసారి పచ్చలైటు రాకుండా కాపలా కాసే కాన్‌ఫ్లిక్ట్ మానిటర్‌ను కదపకండి. కొత్త కంట్రోలర్లు ఎన్‌టీసీఐపీ 1202 ప్రమాణంతో నెట్‌వర్క్ మీద మాట్లాడతాయి. పాతవాటిలో దిక్కుకొకటి చొప్పున ప్రీఎంప్షన్ (మామూలు వరుసను ఆపి ఒక దిక్కుకు ముందుగా పచ్చలైటు ఇవ్వడం) రిలే ఇన్‌పుట్లు ఉంటాయి, వాటితోనూ పని జరుగుతుంది. కానీ రిలే ఒకవైపు మాటే చెబుతుంది. రిలే మూసుకోగానే ఆర్‌ఎస్‌యూ 'మంజూరు' అని అంబులెన్స్‌కు చెప్పేస్తే అది అబద్ధం కావచ్చు. కంట్రోలర్ ఇంకో ప్రీఎంప్షన్‌లో ఉండి దీన్ని పట్టించుకోకపోవచ్చు. కంట్రోలర్ నిజంగా ప్రీఎంప్షన్‌లోకి వెళ్లిందని వెనక్కి సంకేతం వచ్చాకే ఎస్ఎస్ఎంలో మంజూరు అని వెళ్లాలి.

కంట్రోలర్‌లో పెట్టే విలువల్లో కొన్నింటికి రాజీ లేదు. పసుపు, ఆల్-రెడ్ (అన్ని వైపులా ఎరుపు) సమయాలను అంబులెన్స్ కోసం ఒక్క సెకను కూడా తగ్గించకూడదు. పాదచారి దాటే సమయాన్ని మధ్యలో తెంచకూడదు. ముందుగా అడిగేదే అందుకు. అప్పుడే వెలిగిన పచ్చలైటుకు కనీసం 5 సెకన్లు ఇవ్వండి, లేకపోతే కదలడం మొదలుపెట్టిన డ్రైవర్లు తికమకపడి ఒకరినొకరు గుద్దుకుంటారు. రైల్వే గేటు పక్కన జంక్షన్ ఉంటే రైలు కోసం పెట్టిన ప్రీఎంప్షన్ ఎప్పుడూ అంబులెన్స్ కంటే పైమెట్టులో ఉండాలి. ఒక అభ్యర్థన పచ్చలైటును గరిష్ఠంగా పట్టుకోగల సమయాన్ని 120 సెకన్లతో మొదలుపెట్టి, లాగ్‌లు చూసి సవరించండి. ప్రీఎంప్షన్ అయిపోయాక ఎవరిని ఎక్కువసేపు ఆపామో ఆ దిక్కుకే మొదట పచ్చలైటు వెళ్లాలి. పక్క జంక్షన్లతో తాళం కలవడానికి ఆ తర్వాత రెండు మూడు సిగ్నల్ చుట్లు పడుతుంది, అది సహజం.

మ్యాప్ సందేశం తయారీకి ఓపిక కావాలి. జంక్షన్ మధ్యలో ఒక మూలబిందువు పెట్టి, ప్రతి లేన్‌నూ స్టాప్ లైన్ నుంచి వెనక్కి బిందువులుగా, సెంటీమీటర్ల లెక్కలో గుర్తిస్తారు. మొదటి బిందువు స్టాప్ లైన్ మీదే ఉండాలి. వంపు ఉన్నచోట బిందువులు దగ్గరగా వేయండి. తర్వాత ఏ లేన్‌ను ఏ సిగ్నల్ గ్రూప్, అంటే కలిసి రంగు మారే లైట్ల జట్టు, నడిపిస్తుందో రాయాలి. అసలు చిక్కు ఇక్కడుంది. మ్యాప్‌లోని సిగ్నల్ గ్రూప్ సంఖ్య, కంట్రోలర్‌లోని ఫేజ్ (ఒక కదలికకు ఇచ్చే వంతు) సంఖ్య ఒకటే అనుకుని రాసేస్తారు. అవి వేరైతే తూర్పు నుంచి వచ్చే అంబులెన్స్ అడిగితే ఉత్తరానికి పచ్చలైటు వెలుగుతుంది. స్తంభం కింద నిలబడి, ఒక్కో లైటునూ కంటితో చూస్తూ, స్పాట్ సందేశంలో అదే గ్రూప్ పచ్చగా మారుతోందా అని టిక్కు పెట్టుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

ఫ్లైఓవర్ కింద ఉన్న జంక్షన్‌కు ప్రత్యేక జాగ్రత్త కావాలి. పైనుంచి వెళ్తున్న అంబులెన్స్ కింద జంక్షన్‌లో ఉన్నానని అనుకుని అడిగితే కింద ట్రాఫిక్ ఉత్తపుణ్యానికి ఆగుతుంది. ఉపగ్రహ రిసీవర్ చెప్పే ఎత్తులో పొరపాటు అడ్డదూరం కంటే ఎక్కువ, దాన్ని నమ్మి తేల్చలేం. బండి ర్యాంప్ ఎక్కిందా లేదా అన్నది అది వచ్చిన దారిని లేన్ బిందువులతో పోల్చి గుర్తించాలి. సర్వీస్ రోడ్డుకూ ఇదే మందు. దిశ కూడా చూడాలి. బండి ముఖం లేన్ దిశకు 30 డిగ్రీల లోపు లేకపోతే అభ్యర్థన వెళ్లకూడదు.

డ్రైవర్‌కు ఏం చూపాలి

మూడే మూడు. అడిగాం, మంజూరైంది, కుదరదు. ఎస్ఎస్ఎంలో ఇంకా చాలా స్థితులున్నాయి: పరిశీలనలో ఉంది, వేరే వాహనాన్ని గమనించు, గరిష్ఠ సమయం దాటింది వంటివి. వాటిని లాగ్‌లో దాచుకోండి, డ్రైవర్ కళ్లముందు పెట్టకండి. 'కుదరదు' అన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో, శబ్దంతో రావాలి. రెండు అంబులెన్సులు రెండు దిక్కుల నుంచి ఒకే జంక్షన్‌కు వస్తే ఒకరికే పచ్చలైటు దొరుకుతుంది. రెండోవారు తమకూ వస్తుందనుకుని వేగంగా దూసుకొస్తే రెండూ జంక్షన్ మధ్యలో కలుస్తాయి. మంజూరైనా సరే, స్టాప్ లైన్ దగ్గర వేగం తగ్గించి రెండు వైపులా చూసి వెళ్లడం శిక్షణలో భాగంగా ఉండాలి. ఎర్రలైటును లెక్కచేయని బండికి రేడియో సందేశం అడ్డుపడదు.

మిగతా కార్లకు

అంబులెన్స్ వస్తోందన్న హెచ్చరికను చుట్టుపక్కల వాహనాలకూ పంపవచ్చు. జే2735లో దానికి ఈవీఏ సందేశం ఉంది. యూరప్ డెన్మ్ సందేశంలో ఎమర్జెన్సీ వాహనం వస్తోందని చెప్పే కారణ సంఖ్య 95. 2019లో వచ్చిన వోక్స్‌వాగన్ గోల్ఫ్ ఎనిమిదో తరం కారులో ఇలాంటి హెచ్చరికలు వినే రేడియో ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. అయినా రోడ్డు మీద ఎక్కువ బండ్లకు ఈ రేడియో లేదు. కాబట్టి ఈ హెచ్చరికను అదనపు సాయంగా చూడండి, దాని మీద ఆధారపడి సిగ్నల్ లెక్కను తగ్గించకండి. హెచ్చరికలో దిశ తప్పక ఉండాలి. 'అంబులెన్స్ వస్తోంది' అని మాత్రమే వింటే డ్రైవర్లు ఉన్నచోటనే బ్రేకు వేస్తారు, అది దారి ఇవ్వడం కంటే అడ్డుపడటమే.

ఎవరైనా అంబులెన్స్ అని అబద్ధం చెబితే

ప్రతి సందేశానికీ ఐఈఈఈ 1609.2 ప్రకారం డిజిటల్ సంతకం ఉంటుంది. ఆర్‌ఎస్‌యూ సంతకం నిజమా అని చూస్తే చాలదు. మామూలు కారు సంతకం కూడా నిజమైనదే. ఆ సర్టిఫికెట్‌లో ప్రీఎంప్షన్ అడిగే అనుమతి ఉందా అన్నది కూడా చూసేలా సెట్ చేయాలి. కొన్నిచోట్ల పరీక్షల సౌకర్యం కోసం ఈ తనిఖీని ఆపేసి, మళ్లీ వేయడం మర్చిపోతారు. అంబులెన్స్ దొంగతనానికి గురైనా, అమ్మేసినా దాని సర్టిఫికెట్‌ను రద్దు జాబితాలో చేర్చాలి. రోగి వివరాలేవీ ఈ రేడియోలో వెళ్లకూడదు, వాటి అవసరం కూడా లేదు.

సర్టిఫికెట్ల గడువు నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. నెట్‌వర్క్ అందని షెడ్డులో వారాల తరబడి నిలిపిన అదనపు అంబులెన్స్ కొత్త సర్టిఫికెట్లు తెచ్చుకోలేదు. బయటికి తీసిన రోజు దాని మాట ఏ జంక్షనూ వినదు. తెర మాత్రం 'అడిగాం' అనే చూపుతుంటుంది. గడువుకు పది రోజుల ముందే షిఫ్ట్ తనిఖీ పట్టీలో హెచ్చరిక కనిపించాలి.

పరీక్ష, తప్పు వెతకడం

ట్రాఫిక్ తక్కువ ఉన్న రాత్రి మొదలుపెట్టండి. ప్రతి దిక్కు నుంచి పదిసార్లు రావాలి. అందులో కొన్నిసార్లు పాదచారి బటన్ నొక్కి, కొన్నిసార్లు జంక్షన్‌కు ముందే పక్కకు తిరిగిపోయి, కొన్నిసార్లు మధ్యలో ఓబీయూ కరెంటు తీసేసి చూడాలి. కరెంటు తీసేసినప్పుడు, సందేశాలు ఆగిన కొద్ది సెకన్లలో జంక్షన్ దానంతటదే మామూలు స్థితికి రావాలి. రెండు బండ్లతో ఎదురెదురుగా కూడా ప్రయత్నించండి. తర్వాత రద్దీ వేళ అదే మళ్లీ. ప్రతిసారీ మూడు అంకెలు రాసుకోండి: అడిగిన క్షణం నుంచి పచ్చలైటు దాకా ఎన్ని సెకన్లు, స్టాప్ లైన్‌కు 300 మీటర్ల ముందు నుంచి 50 మీటర్లు దాటేదాకా ఎన్ని సెకన్లు, ఆ మధ్యలో వేగం గంటకు 10 కిలోమీటర్ల కంటే కిందికి ఎన్నిసార్లు పడింది. మూడో అంకె సున్నా కాకపోతే ముందస్తు సమయం చాలలేదు.

అభ్యర్థన వెళ్లినా జవాబే రాకపోతే మొదట సర్టిఫికెట్, తర్వాత యాంటెన్నా కేబుల్ చూడండి. జవాబు వచ్చి పచ్చలైటు ఆలస్యమైతే గడియారం చూడండి. ఓబీయూ ఉపగ్రహ సమయంలో నడుస్తుంది, క్యాబినెట్‌లోని కంట్రోలర్ తన సొంత గడియారంలో నడిచి నెలకు కొన్ని సెకన్లు తప్పిపోవచ్చు. దాన్ని నెట్‌వర్క్ సమయానికి కట్టేయాలి. అంబులెన్స్ వెళ్లిపోయినా పచ్చలైటు కదలకపోతే, స్టాప్ లైన్ దాటాక వెళ్లాల్సిన రద్దు సందేశం వెళ్లడం లేదు. సాధారణంగా మ్యాప్‌లో బయటికి వెళ్లే లేన్ గీయకపోవడమే దానికి కారణం. ఒకే దిక్కులో, ఒకే వేళలో తప్పుతుంటే అక్కడ నిలిచే బస్సో, చెట్టో, హోర్డింగో రేడియోకు అడ్డం ఉందేమో ఆ వేళకే వెళ్లి కంటితో చూడాలి.

రోడ్డుకు కొత్తగా లేన్ గీతలు వేసినా, స్టాప్ లైన్ జరిపినా, సిగ్నల్ ఫేజ్ మార్చినా ఆ రోజే మ్యాప్ కూడా మారాలి. దాని రివిజన్ సంఖ్య ఒకటి పెంచి పంపకపోతే అంబులెన్సులు జ్ఞాపకంలో ఉన్న పాత మ్యాప్‌నే వాడుతుంటాయి. గీతలు వేసే విభాగం పని పత్రంలోనే 'మ్యాప్ సవరణ' అని ఒక గడి పెట్టించి, అది నిండకుండా పని ముగిసినట్టు సంతకం పడకుండా చూడండి.